బండే అండ

ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది. ఒక్క బండను ఆనుకుని ఊరు కట్టుకున్న కాకతీయులు కోటకూ గుడికీ చెరువు తూముకూ అదే రాయిని వాడుకున్నారు. వాళ్ళకన్నా ఎంతో ముందే ఆ బండల మీద కాపురం పెట్టినవి మొక్కలు. మే నెల మధ్యాహ్నం వరంగల్ చుట్టుపక్కల ఏ గ్రానైటు గుట్ట ఎక్కి చూసినా అక్కడ బతికేదేదీ ఉండదనిపిస్తుంది. బండ మీద చెయ్యి ఆనదు. నెర్రెలో మాత్రం ముడుచుకుపోయిన గోధుమరంగు పోచల గుత్తి ఒకటి కనిపిస్తుంది. వేలితో నలిపితే పొడి అయిపోతుందేమో అన్నంత ఎండి ఉంటుంది. అది మయూరశిఖి. తొలకరి తడి తగిలాక ఎంతో సేపు పట్టదు, ఆ పోచలు విచ్చుకుని చిన్న విసనకర్రల్లా పచ్చగా నిలబడతాయి. నీరంతా పోయినా చావకుండా ఆగడం, నీరు రాగానే మళ్ళీ మొదలుపెట్టడం దానికి తెలిసిన విద్య. మంచి మట్టిలోకి వస్తే గడ్డి దాన్ని నాలుగు వారాల్లో కప్పేస్తుంది. బండ మీద పోటీ లేదు కనుకే అది బతుకుతోంది.

కొండల మీది అరుదైన మొక్కల సంగతి చాలావరకు ఇదే. గొడ్డలికి బలైనవి ఉన్నాయి, నిజమే. కానీ ఒక మొక్క ఎందుకు ఒకచోటే ఉంది, పక్క గుట్ట మీద ఎందుకు లేదు అన్న ప్రశ్నకు గొడ్డలి జవాబు చెప్పదు. రాయి, మట్టి లోతు, వాన పడే నెలలు, వాలు మొహం ఎటు ఉంది, నిప్పు ఎన్నేళ్ళకోసారి వస్తుంది అన్నవి చెబుతాయి. ఏ మొక్కలు కలిసి బతుకుతాయో నిర్ణయించేవీ అవే. అలా కలిసి బతికేవాటినే వృక్షశాస్త్రం సముదాయం అంటుంది. సముదాయం చెదిరితే అందులోని ఒక్కో మొక్కనూ వేరువేరుగా కాపాడటం కష్టమవుతుంది.

ముందు బండ సంగతి. గ్రానైటు గుట్ట నడినెత్తి మీద మట్టి ఉండదు. వాన నీరు జారిన దారుల్లో నల్లటి చారలు కనిపిస్తాయి, అవి కంటికి ఆనని జీవాల పూత. వాటి అంచున నాచు, నాచు పట్టి ఉంచిన చిటికెడు దుమ్ములో వానాకాలపు గడ్డి, తుంగ. రెండు బండల సందులో జానెడు మట్టి దొరికితే నక్కవల్లి గడ్డ. సందు ఇంకా లోతుగా ఉంటే కొండగోగు, తపసి. మట్టి మందం పెరిగేకొద్దీ మొక్క మారుతుంది. గుట్ట మీది దొనల్లో, వాటి అంచున చెమర్చే బండ మీద నెలో రెండు నెలలో బతికి గింజ రాల్చిపోయేవి వేరే ఉన్నాయి. పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా అలాంటిదే. ఆ తడిలో నత్రజని దాదాపు ఉండదు, అందుకని ఆ లోటును పురుగుతో తీర్చుకుంటుంది. ఎవరూ పట్టించుకోని ఈ చిన్న లోకాన్ని క్వారీ ఒక్క వేసవిలో పలకలుగా కోసి పంపేయగలదు. గుట్టను రాయి లెక్కన కొలిచే కాగితంలో దొనకు గడి ఉండదు.

వరంగల్ నుంచి తూర్పుకు పోయేకొద్దీ గ్రానైటు వెనకబడి, పాఖాల గుట్టల్లో మరో రాయి మొదలవుతుంది. 1213లో గణపతిదేవుడి కాలంలో ఈ గుట్టల నడుమ కట్ట వేసి పాఖాల చెరువు కట్టారు. ఆ చెరువు పేరే ఇక్కడి శిలల వరుసకు పెట్టారు. ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భం మీద విలియం కింగ్ 1881లో వెలువరించిన గ్రంథం నాటి నుంచి భూగర్భ శాస్త్రవేత్తల భాషలో పాఖాల అంటే చెరువు కాదు, వంద కోట్ల ఏళ్ళు పైబడిన ఇసుకరాళ్ళు, క్వార్ట్‌జైట్లు, పలకరాళ్ళు. పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలు రెండూ 1950ల తొలినాళ్ళవి. టేకు పెరిగే దక్షిణాది పొడి ఆకురాల్చు అడవి అని వీటిని పుస్తకాల్లో ఒక్క మాటలో చెప్పేస్తారు. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు అడవులున్నాయి.

గుట్ట కింద, మట్టి లోతుగా ఉన్నచోట టేకు, నల్లమద్ది. కాస్త పైకి ఎక్కితే నేల గరుసు, అక్కడ తునికి, బిల్లుడు, అందుగు. ఇంకా పైన బండ తేలినచోట తపసి, తెల్లపొణికి. ఒర్రెల్లో మళ్ళీ అంతా మారిపోతుంది: ఏరుమద్ది, నేరేడు, నర్రమామిడి, వెదురు. ఈ నాలుగు అంతస్తుల మధ్య ఎత్తు తేడా చాలాచోట్ల వంద మీటర్లు కూడా ఉండదు. హిమాలయాల్లో ఎత్తు చేసే పనిని ములుగు గుట్టల్లో మట్టి లోతు చేస్తుంది. దానికి ఎండ తోడవుతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కనుక దక్షిణం చూసే వాలు జనవరికే ఎండిపోతుంది. ఉత్తరం చూసే వాలులో ఆకు ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది, కింది మట్టిలో తేమ కూడా. ఒకే గుట్ట, ఒకే వాన, అయినా శిఖరానికి ఇటొక అడవి, అటొక అడవి.

ఈ అడవుల్లో తరిగిపోతున్నవాటిలో మూడు చెట్లు ఒకదానికొకటి దూరపు బంధువులు కూడా కావు. వాటి కష్టం మాత్రం ఒక్కటే.

తపసి తెల్లటి చెట్టు. వేసవిలో ఆకంతా రాల్చి, కాగితంలా పొరలు ఊడే బెరడుతో, వెన్నెల్లో దూరం నుంచే కనిపిస్తుంది. కాయ మీద చిన్న నూగు, తగిలితే చురుక్కుమంటుంది. శాస్త్రనామంలోని యూరెన్స్ అన్న మాటకు అర్థం కూడా అదే. నిటారు బండ వాలులో, వేరు దూర్చడానికి నెర్రె దొరికితే చాలు నిలబడుతుంది. దాని బంక ఎండలు ముదిరినప్పుడే బాగా వస్తుంది. మందుల్లో, తినుబండారాల్లో, కట్టుడు పళ్ళ జిగురులో వాడే ఆ బంకకు దేశవిదేశాల్లో గిరాకీ. పాతరోజుల్లో గొడ్డలితో లోతుగా చెక్కి బంక తీసేవారు. నీళ్ళు లేని కాలంలో, ఆకు లేని చెట్టుకు, మానడానికి వీలులేని గాయం అది. చిన్న కత్తితో పైపైన గీత పెట్టే పద్ధతులు తర్వాత వచ్చాయి. విశాఖ ఏజెన్సీలో ఈ చెట్టును కోవెల అంటారు. బంక తీసే గిరిజనులతో అక్కడ పనిచేసిన కోవెల్ ఫౌండేషన్‌కు ఆ పేరు వచ్చింది చెట్టు నుంచే.

తెల్లపొణికి కర్ర బరువు లేనిది, మెత్తనిది, ఉలికి వెన్నలా లొంగుతుంది. నిర్మల్ బొమ్మకూ కొండపల్లి బొమ్మకూ అదే ప్రాణం. పెరిగేది రాతి వాలులో. గింజ పెంకు రాయిలా గట్టిది, నాటితే మొలిచేది తక్కువ. పైగా పొణికిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. నాలుగు చెట్లున్న వాలులో రెండు కొడితే మిగిలిన రెండూ మగవే కావచ్చు, అప్పుడు ఆ వాలు మీద కాయ అన్నది ఉండదు. చెట్లు కళ్ళెదురుగా నిలబడే ఉంటాయి, లెక్కలోకీ వస్తాయి, వంశం మాత్రం అక్కడితో ఆగిపోతుంది.

నర్రమామిడిదీ అదే గతి, చోటు మాత్రం వేరు. అది ఒర్రె పక్కన, తేమ వదలని నీడలో పెరుగుతుంది. బెరడు పొడికి నీళ్ళు తగిలితే జిగురవుతుంది, అగరుబత్తి పొడి పుల్లకు అంటుకోవడానికి అదే ఆధారం. బెరడును చుట్టూ ఒలిచేస్తే చెట్టు నిలువునా ఎండుతుంది. ఇందులోనూ ఆడ, మగ వేరువేరు. ఒర్రె వెంబడి సన్నగా సాగే ఆ తడి పట్టీ దాటితే దానికి మరో చోటు లేదు. వాగు పైన నీళ్ళు ఆగినా, ఒడ్డు మీది పెద్ద చెట్లు పోయి ఎండ దిగినా, ఎవరూ ముట్టుకోకుండానే అది తరిగిపోతుంది.

నిప్పు గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పొడి అడవికి నిప్పు కొత్త కాదు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు. తునికి లేత చిగురు వేయాలని నిప్పు పెట్టేవారూ ఉన్నారు. దారిన పోయేవాడు పారేసిన బీడీ ఉండనే ఉంది. పెద్ద చెట్టుకు ఈ నేల మంట పెద్ద లెక్క కాదు. లెక్కంతా మొలకది. ఏగిస, టేకు వంటి పొడి అడవి చెట్ల మొలకకు ఒక అలవాటుంది. వానల్లో జానెడు లేచి, వేసవిలో పైభాగమంతా ఎండిపోతుంది. కింద వేరు మాత్రం ఏటేటా లావెక్కుతుంది. కొన్నేళ్ళు అలా నేల కిందనే పెరిగి, చాలినంత బలం రాగానే ఒక ఏడాది ఆగకుండా పైకి లేస్తుంది. నాలుగేళ్ళకో అయిదేళ్ళకో వచ్చే నిప్పును ఈ పద్ధతి తట్టుకుంటుంది. ఏటా వచ్చే నిప్పును తట్టుకోలేదు. దాచుకున్నదంతా చిగురుకే ఖర్చయిపోతుంది. అలా ఖాళీ పడిన చోటుకు లాంటానా వస్తుంది, వచ్చాక దాని ఎండుపుల్లలే మరుసటి ఏటి నిప్పుకు మేత.

2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో గాలి చేసిన పని చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొద్దిసేపట్లోనే వందల ఎకరాల్లో చెట్లు ఒరిగిపోయాయి. కూలినవి 50 వేలకు పైనేనని అటవీ అధికారులు అంచనా వేశారు. చాలా చెట్లు నడుముకు విరగలేదు, వేళ్ళతో సహా లేచి పడ్డాయి. కారణం గాలి ఒక్కటే కాదు. ఆ రోజుల్లో వానలు ఎడతెగకుండా పడి నేల నానిపోయి ఉంది. కింద రాయి దగ్గరగా ఉన్నచోట వేరు లోతుకు పోలేక పక్కలకు పరుచుకుంటుంది. మామూలు రోజుల్లో నీటిని అందించే ఆ పరుపు వేళ్ళే నానిన నేలలో పట్టు తప్పాయి. బండ సందులోకి వేరు దూర్చుకునే తపసి లాంటి చెట్టు కథ వేరు, రాయే దాన్ని పట్టి ఉంచుతుంది. కూలిన అడవిలో ఒక్కసారిగా నేల మీద ఎండ పడింది. వెలుగు కోసం ఎదురుచూస్తున్న మొలకలకు అది వరం. కలుపు తీగలకూ అంతే వరం. రాబోయే పదేళ్ళలో ఆ నేలను ఏవి ఆక్రమిస్తాయన్నది అక్కడ పశువులు ఎంత తిరుగుతాయి, నిప్పు ఎన్నిసార్లు వస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పాఖాల శిలలకు తోబుట్టువుల్లాంటి రాళ్ళు తెలుగు నేలకు ఆ కొసన ఉన్నాయి. పాఖాల శిలల గురించి రాసిన కింగే అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1872లో, కడప, కర్నూలు శిలల మీద గ్రంథం వెలువరించాడు. తిరుమల కొండెక్కే ఘాట్ రోడ్డు పక్కన కింద ముతక గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెంటి మధ్య గీత పదుల కోట్ల ఏళ్ళ ఖాళీకి గుర్తు. ఆ క్వార్ట్‌జైటు మీద పెరిగే కొన్ని మొక్కలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ములుగు గుట్టల మీద కూడా అంతే ముసలి రాళ్ళున్నాయి, వానా తక్కువేం కాదు. అయినా అలాంటి స్థానిక జాతుల గుంపు ఇక్కడ లేదు. ఎందుకు?

మొదటి కారణం వాన క్యాలెండరు. వరంగల్‌లో జూన్‌లో మొదలైన వాన అక్టోబరుకు దాదాపు ముగుస్తుంది, ఆ తర్వాత ఏడెనిమిది నెలలు నేల ఎండుతూనే ఉంటుంది. తిరుమల ఉన్న శేషాచలానికి నైరుతి పోయాక ఈశాన్యం వస్తుంది. నవంబరు, డిసెంబరు వానలు అక్కడ పెద్దవి. మొత్తం వాన రెండుచోట్లా ఇంచుమించు ఒకటే అనుకున్నా, ఎండుకాలం నిడివి ఒకటి కాదు. రెండో కారణం ఎత్తు. తిరుమల ఉన్నది సుమారు 850 మీటర్ల మీద. కింద తిరుపతి వేడికీ పైన మంచుకూ మధ్య తేడా మెట్లెక్కినవాళ్ళందరికీ ఒంటికే తెలుసు. మూడోది ఒంటరితనం. చుట్టూ మైదానం ఉన్న కొండ సముద్రంలో దీవి లాంటిది. మైదానంలో బతకలేని మొక్క కొండ దిగి పక్క కొండకు పోలేదు. లక్షల ఏళ్ళు అక్కడే ఉండిపోయి, అక్కడి రాయికీ వానకూ తగ్గట్టు మారిపోతుంది.

ఎర్రచందనాన్నే చూస్తే, అది కోరుకునేవి తక్కువ, ఆ తక్కువలోనే మహా పట్టుదల. క్వార్ట్‌జైటు, పలకరాయి వాలు, నీళ్ళు నిలవని గరుసు నేల, రెండు వానలు, నిండా ఎండ. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే చస్తుంది. చేవ నీళ్ళలో మునిగేంత బరువు. కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం వైపు కొండల్లోనే దీని పుట్టుక. ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం 2018లో దీన్ని అంతరించే ముప్పున్నవాటి జాబితా నుంచి దించి, తర్వాత మళ్ళీ ఆ జాబితాలోకే తెచ్చింది. స్మగ్లింగు వార్తల పుణ్యమా అని ఈ ఒక్క చెట్టు పేరు ఊరూరా తెలిసింది, దాని పక్కన నిలబడ్డవాటి పేర్లు మరుగునపడ్డాయి. తెల్లకరక, మొగి, కొండసాంబ్రాణి, తంబజాలరి, పెరిత, కొండ కొత్తిమీర: ఎర్రచందనం సముదాయం అంటే ఇవన్నీ. కొండసాంబ్రాణికి శాస్త్రలోకం పేరు పెట్టిందే 1961లో. ఏటా లక్షల మంది నడిచే దారికి కూతవేటు దూరంలో ఉన్న చెట్టు అది.

ఈ గుంపులో అన్నిటికన్నా పాతకాలపుది పెరిత. తాటీ కాదు, ఈతా కాదు, సైకస్ కుటుంబం. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ పేరు మీద 1883లో దీనికి శాస్త్రనామం వచ్చింది. గడ్డి పెరిగే రాతి వాలుల్లో, నెత్తిన నీడ లేనిచోట ఉంటుంది. మొండెం చుట్టూ పాత ఆకు మొదళ్ళు కవచంలా కప్పి ఉంటాయి. గడ్డికి నిప్పంటుకుంటే ఆకులు మాడిపోతాయి, మొండెం నల్లబడుతుంది, వాన పడ్డాక నడినెత్తి నుంచి లేత ఆకుల కిరీటం మళ్ళీ లేస్తుంది. నేల పైపొరలో పగడంలా గుబురుగా ఉండే దాని వేళ్ళలో నీలాకుపచ్చ జీవాలు కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. గరుసు తప్ప సారం లేని క్వార్ట్‌జైటు మట్టిలో ఆ సాయం చిన్నది కాదు. నిప్పునూ పేదరికాన్నీ ఓర్చుకున్న మొక్కను దెబ్బ తీసింది మందుల బజారు. బలానికి మంచిదని మగ చెట్ల కంకులు కోసుకుపోతారు. పొణికిలో లాగే ఇందులోనూ ఆడ వేరు, మగ వేరు. పుప్పొడి లేకపోతే ఆడ మొక్క ఎన్నేళ్ళు బతికినా గొడ్డుగానే బతుకుతుంది. అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం మొదటి అనుబంధంలో, అంటే వ్యాపారం పూర్తిగా కూడనివాటిలో, సైకస్ ప్రజాతి నుంచి ఉన్నది ఇదొక్కటే.

నిప్పును ఓర్చుకుంటుందంటే ఎంత నిప్పునైనా అని కాదు. 2014 మార్చిలో శేషాచలంలో మంటలు రోజుల తరబడి రేగి, ఆర్పడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అంత వేడికి ఆ ఏటి మొలకలు మిగలవు. శిఖరాల మీది మొక్కలది మరో ఇరుకు. వేడి పెరిగితే కింది మొక్కలు పైకి జరగవచ్చు. మొగి, కొండ కొత్తిమీర వంటివి ఇప్పటికే పైన ఉన్నాయి, వాటికి ఎక్కడానికి ఇంకా కొండ లేదు.

1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, 2010లో 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచలం జీవావరణ మండలం ఏర్పడ్డాయి. గీత గీయడం వల్ల నరుకుడు కొంత ఆగుతుంది. వాన నెలలు, నిప్పు వరుస, ఒర్రెలో తేమ గీత మాట వినవు. పచ్చదనం పేరుతో కొండ వాలుల్లో ఆస్ట్రేలియా తుమ్మ, గుట్టల కింద జామాయిలు నాటినప్పుడు లెక్కలో అడవి పెరిగింది, సముదాయం తరిగింది. ఎండ కావలసిన మొక్కకు నీడ పడటం కూడా నష్టమేనన్నది నాటేవాళ్ళకు ఆలస్యంగా తట్టే విషయం.

మళ్ళీ పెంచడంలోనూ ఒక్కో మొక్క పేచీ ఒక్కో రకం. పొణికి గింజకు పెంకు పగలాలి. ఎర్రచందనం పొలం గట్టున కూడా లేస్తుంది, చేవ రావడానికి మాత్రం దశాబ్దాలు. అన్నిటికన్నా తొందర తంబజాలరిది. ఒకప్పుడు గుడి ధ్వజస్తంభాలకు వెతికి తెచ్చిన నిటారు చెట్టు అది. దాని కాయకు రెక్కలుంటాయి, గాలికి గిరగిరా తిరుగుతూ దిగుతుంది. మిగతా పొడి అడవి గింజల్లా ఏడాది ఆగి మొలవడం దాని వంశంలో లేదు. రాలిన కొద్ది రోజుల్లోనే తడి నేల దొరకాలి, లేకపోతే లోపలి పప్పు ఎండి చచ్చిపోతుంది. వాన వారం ఆలస్యమైతే ఆ ఏటి పంట మొత్తం బండ మీదే పోతుంది. నర్సరీ సంచుల్లో మట్టి నింపి సిద్ధంగా ఉంచుకుని, కాయ రాలిన రోజే ఏరి, ఆ సాయంత్రమే నాటినవాళ్ళకు మొలకలు దొరుకుతాయి.